చిరిగిన ప్రకటనలో మా అమ్మ పుట్టిల్లు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో కాగితానికి కరువొచ్చింది. గద్వాలలో మా అబ్బాజాన్‌ది చిన్న కిరాణా దుకాణం. ధనియాలు, మిరియాలు, చక్కెర, ఏది కట్టివ్వాలన్నా పాత పత్రికల కాగితమే దిక్కు. వనపర్తి నుంచి ఒకాయన ఆ కాగితాలను బస్తాల్లో కుక్కి తెచ్చి మాకు ఇచ్చేవాడు. పెద్ద కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి పొట్లాలకు సిద్ధం చేయడం నా పని. అప్పటికి నాకు పదిహేడేళ్లు. సంస్థానం వారి బడిలో అయిదు తరగతులు చదివాను. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని చింపేముందు చదవడం, చదువుతూ పని మరిచిపోవడం, అబ్బాజాన్‌తో తిట్లు తినడం రోజూ ఉండేదే.

ఆ రోజు మాత్రం చింపిన తరువాత చదివాను. పొద్దున రద్దీ ఎక్కువగా ఉంది. గబగబా చింపి అబ్బాజాన్‌కు అందిస్తూ పోయాను. జనం తగ్గాక, మిగిలిన ముక్కల్లో పైన ఉన్నదాన్ని ఊరికే చూశాను.

"ప్రకటన. సుమారు పాతికేండ్ల క్రిందట శ్రావణమాసములో బీచుపల్లి రేవు వద్ద మా చెల్లెలు తప్పిపోయినది. అప్పటికి నాలుగేండ్ల పిల్ల. మా తల్లిగారు రాయచూరు వైపు ఆడపడుచు అగుటచే పిల్లకు కన్నడపు మాటలు అలవాటు. పిల్లిని బెక్కు అనును. మా తల్లిగారు మంచము పట్టి ఆ బిడ్డనే కలవరించుచున్నారు. ఆచూకీ తెలిసినవారు దయయుంచి ఈ క్రింది చిరునామాకు"

అక్కడితో ముక్క అయిపోయింది.

మా అమ్మ పిల్లిని బెక్కు అనేది. ఆమెను చూసి మేమూ అలాగే అనేవాళ్లం. గద్వాలలో కన్నడ మాటలు చెవిన పడటం వింతేమీ కాదు కనుక అది ఆమెకు ఎలా వచ్చిందని ఎవరమూ అడగలేదు. అమ్మ నానికి, అంటే మా అమ్మమ్మకు, పుట్టిన బిడ్డ కాదన్న సంగతి మాత్రం మా ఇంట్లో దాచిందేమీ కాదు. మా తాతను నానా అనేవాళ్లం; ఆయన తీర్థాల్లో పేలాలు, బత్తాసలు అమ్మేవాడు. ఒక శ్రావణ శనివారం బీచుపల్లిలో ఆయన అంగడి దగ్గర ఏడుస్తూ నిలబడ్డ పిల్లను నాని ఎత్తుకుంది. అడగడానికి ఎవరూ రాలేదు. వాళ్లకు పిల్లలు లేరు. తమ బిడ్డగా పెంచి అబ్బాజాన్‌కిచ్చి పెళ్లి చేశారు. నానా పోయాక నాని మా దగ్గరే ఉండేది.

ముక్క పట్టుకుని లోపలికి పరుగెత్తాను. అమ్మ బియ్యం చెరుగుతోంది. చదివి వినిపించాను. చేట అలాగే పట్టుకుని, "మల్ల సదువు" అంది. చదివాను. "ఇంగోసారి" అంది. మూడోసారి చదువుతుంటే గోడవారగా కూర్చున్న నాని పైటతో నోరు మూసుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"మూడొద్దులు కూసున్నం బిడ్డా రేవుకాడ," అంది నాని. "ఎవలూ రాలే. నేను దొంగతనంగ తేలే నిన్ను."

"నిన్నెవరన్నరమ్మా ఆ మాట?" అంది అమ్మ. చేట దించి నాని పక్కకు పోయి కూర్చుంది గానీ ఆమె కళ్లు నా చేతిలోని కాగితం మీదే ఉన్నాయి. "మిగిలిన ముక్క యాడుంది?"

మిగిలిన ముక్క అప్పటికే ఎవరింటికో పోయింది.

ఆ పొద్దున మా దుకాణానికి వచ్చినవాళ్లందరినీ అబ్బాజాన్ గుర్తు చేసుకుని చెప్పాడు. నేను ఇల్లిల్లూ తిరిగాను. పొట్లం కట్టిన కాగితం కోసం మనిషి రావడం చూసి నవ్వారు కొందరు. ఒకామె పొయ్యిలో వేశానంది. ఇంకొకామె వెతికి వెతికి ఇచ్చిన ముక్క వేరే కాగితానిది. ఒక ఇంటి వెనక పెంటకుప్ప మీద తడిసిన ముక్క దొరికింది. విప్పబోతే చేతికే అంటుకుపోయింది. నాలుగు అక్షరాలు కూడా కూడలేదు.

ఖాళీ చేతులతో తిరిగి వచ్చేసరికి అమ్మ గడపలో నిలబడి ఉంది. నా ముఖం చూసి లోపలికి పోయింది. నేను చింపకుండా ఉంటే, ఒక్క క్షణం ఆగి చూసి ఉంటే అని అప్పటినుంచి ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

అబ్బాజాన్‌కు మొదట ఇష్టం లేదు. "ఇన్నేండ్ల సంగతి ఇప్పుడు తవ్వుతే ఏమొస్తది? వాళ్లెవలో, మనమెవలమో. అందరు పరేషాన్ అయితరు," అన్నాడు. అమ్మ మూడు రోజులు సరిగ్గా తిండి తినలేదు. నాలుగో రోజు దుకాణం మూసి, అబ్బాజానే మమ్మల్ని రైలెక్కించి వనపర్తికి తీసుకుపోయాడు. కృష్ణ వంతెన మీద రైలు పోతున్నంతసేపూ అమ్మ చాదర్ అంచు పక్కకు తీసి కిందికి చూస్తూనే ఉంది.

మాకు కాగితాలు అమ్మేవాడు అవి ఎక్కువగా ఒక వకీలుగారి ఇంటినుంచి తెస్తాడని తెలిసింది. వకీలుగారు పోయారు. ఆయన భార్య మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మా మాట వింది. "ఇల్లంత కాగితాలే ఉండె తల్లీ. చెదలు వడ్తున్నయని అన్ని ఇచ్చేసిన. అవన్ని మీ దుకాణంకే వచ్చినయంటివి గద?" అంది. అవునన్నాను. ఆ వారపత్రిక కూడా ఆగిపోయి చాలా రోజులైందట. మేం లేచి వస్తుంటే ఆమెకు ఏదో తోచి, నాగర్‌కర్నూల్‌లో ఒక పాత బడిపంతులు ఉన్నాడని, ఆయన పత్రికలన్నీ ఏడాదికొకటిగా కుట్టి దాచుకుంటాడని చెప్పింది.

నాగర్‌కర్నూల్ బస్సులో అమ్మ ఒకే ఒక మాట అడిగింది: "నన్ను కన్నామె ఇంక బతికుంటదా?"

"ఉంటది," అన్నాను. నాకేం తెలుసు?

పంతులుగారు కాగితాల కట్టలను బయటికి ఇవ్వనన్నాడు గానీ తన ఇంటి వసారాలో కూర్చుని చూసుకోనిచ్చాడు. "ముట్టుకుంటే పొడి అయితది. జర మెల్లగ తిప్పు బిడ్డా," అని పక్కనే కూర్చున్నాడు. రెండు పగళ్లు చూశాను. అమ్మకు చదవడం రాదు. అయినా నా భుజం మీదుగా ప్రతి పేజీ చూసేది. ఎక్కడ "ప్రకటన" అన్న పెద్ద అక్షరాలు కనిపించినా ఆ ఆకారం గుర్తుపట్టి వేలు పెట్టేది. ఎద్దులు తప్పిపోయిన ప్రకటనలు, భూమి పంపకాల ప్రకటనలు, ఎవరి కొడుకో అలిగి ఇల్లు విడిచాడన్న ప్రకటనలు, అన్నీ చదివించుకుంది.

మొదటి రోజు సాయంత్రానికి దొరికింది. ఒక్కటి కాదు. మూడేళ్లపాటు, రెండు మూడు నెలలకొకసారి అదే ప్రకటన వేశారు. వేసినప్పుడల్లా ఒక కొత్త మాట కలిపారు. ఒకదానిలో మా అమ్మ తండ్రి జొన్న, ఆముదం పండించే రైతని ఉంది. మరొకదానిలో వాళ్ల తాతలు ఏ ఊరి నుంచి వలస వచ్చారో, ఎంతమంది అన్నదమ్ములో ఉంది. ఇంకొకదానిలో తండ్రి కాలం చేశాడని ఉంది. ఊరు మానవపాడు పక్కన ఒక పల్లె. నేను చదువుతుంటే అమ్మ తనకు ఉన్నారని తెలియని మనుషులను ఒక్కొక్కరినే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. నాకేమో ఇంకో ఆలోచన. ఈ మూడేళ్ల కాగితాలూ మా దుకాణానికి వచ్చినవే. ఇలాంటివి ఎన్ని నా చేతులతోనే చింపి ఉంటాను?

మరునాడు మధ్యాహ్నం చివరిది కనిపించింది. చిన్నది. "మా తల్లిగారు పరమపదించినారు. ఇంతకుముందు ప్రకటించిన మా చెల్లెలి విషయమై ఇకమీదట ఎవరును శ్రమ తీసికొననక్కరలేదు."

అది నేను పైకి చదవలేదు. పేజీ తిప్పబోయాను. అమ్మ నా చేయి పట్టుకుంది. "దాని మీద గవే అక్షరాలున్నయి గద. సదువు."

చదివాను. పంతులుగారు లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాడు. అమ్మ తాగలేదు. ఆ చిన్న ప్రకటన మీద అరచేయి పెట్టి కూర్చుంది. నేను మిగిలిన కట్టలు ఒకదాని మీద ఒకటి సర్దుతూ ఉండిపోయాను.

వారం తరువాత మానవపాడు స్టేషన్‌లో దిగి ఆ పల్లెకు నడిచాం. ఇల్లు అడిగితే చూపించారు. అరుగు మీద యాభై ఏళ్ల మనిషి తాడు పేనుతున్నాడు. అబ్బాజాన్ తన దగ్గరున్న చిరిగిన ముక్క చూపించి సంగతి చెప్పాడు. ఆయన ముక్క వైపు చూడలేదు. చాదర్ తీసిన మా అమ్మ ముఖం చూశాడు. చేతిలోని తాడు జారి కింద పడింది.

"అవ్వ ముఖమే," అన్నాడు, తన తల్లిని తలచుకుని.

తరువాత ఆయనే చెప్పాడు. శ్రీరంగాపూర్ దర్శనం చేసుకుని తిరిగి వస్తున్నారట. బీచుపల్లి వైపు దాటడానికి పుట్టి పడవలో అందరికీ చోటు చాలక, పిల్లను పక్కింటామె ఒళ్లో కూర్చోబెట్టి ముందు పంపారు. ఆ పుట్టి అవతలి ఒడ్డుకు చేరగానే కృష్ణకు నీళ్లొచ్చాయి. అయిదు రోజులు పుట్టి కదలలేదు.

"మేము ఇవతలి ఒడ్డున కూసున్నం. ఏరు ఎప్పుడు తీస్తదా అని చూసుడే. దాటిపోయినంక, జనంల పిల్లను పోగొట్టిన గా పక్కింటామె భయపడి, పిల్ల నీళ్లల్ల పడ్డదేమో నాకు తెల్వదు అన్నది. నాయిన నమ్మిండు. అవ్వ నమ్మలే. సచ్చేదాకా నమ్మలే."

"మూడొద్దులు మా అమ్మ నన్ను పట్టుకోని రేవుకాడనే కూసున్నదంట," అంది అమ్మ. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మూడు రోజులూ వాళ్ల మధ్య ఉన్నది ఏరు ఒక్కటే.

గడప లోపల ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఎవరూ బయటికి రాలేదు, లోపలికి రమ్మనలేదు. వీధిలో జనం పోగవుతున్నారు. ఆయన తల వంచుకుని మెల్లగా అన్నాడు: "చెల్లే, అవ్వ దినాలల్ల నీ పేరు మీద గూడ నీళ్లు ఇడిసినం. నీ ఆశతోనే పోయింది, ఇంగ ఆమెకన్న తృప్తి ఉంటదని. ఇప్పుడు నిన్ను లోపలికి పిలిస్తే కులపోళ్లు ఊకోరు. నాకు పెండ్లి కావాల్సిన బిడ్డలున్నరు. నన్నేం జెయ్యమంటవు?"

"నేను లోపలికొస్తననలే అన్నా," అంది అమ్మ. "నాకు పెట్టిన పేరేందో చెప్పు. చాలు."

పత్రికల్లో ఎక్కడా ఆ పేరు వేయలేదు. పేరు వేస్తే ఎవరైనా అబద్ధం చెప్పి వస్తారని దాచారట. ఆయన చెప్పాడు. అమ్మ ఒకసారి మెల్లగా అని చూసుకుంది. కొత్త గాజు ఎక్కించుకుంటున్నంత జాగ్రత్తగా. ఆ పేరు నేనిక్కడ రాయను. అది ఆమెకు ఆ ఒక్క పూటే దక్కింది.

అవ్వది ఏదైనా ఉందా, చీరైనా, గిన్నైనా అని అమ్మ అడిగింది. చీరలు దానమిచ్చేశారు. ఆఖరుకు ఆయన భార్య గడప దాటి వచ్చి, రెండు జొన్నరొట్టెలు ఆకులో పెట్టి అరుగు చివర ఉంచి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది. అమ్మ వాటిని కొంగున కట్టుకుంది. రైల్లో తింటుందనుకున్నాను. తినలేదు. ఇంటికి తెచ్చి నానికి ఒకటి ఇచ్చి, తానొకటి తింది. ఒడ్డు సంగతి విని నాని, "ఇంగ రెండొద్దులు కూసోనుంటే," అని గొణిగింది. బతికినన్నాళ్లూ ఆ మాట అనుకుంటూనే ఉంది. అమ్మ ఎంత ఓదార్చినా మానలేదు.

ఆ మామ తరువాత నాలుగైదుసార్లు మా దుకాణానికి వచ్చాడు. సంత రోజున, అందరిలాగే. బెల్లమో ఉప్పో అడిగేవాడు. ఆయన గొంతు వినగానే అమ్మ లోపలినుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడేది. "బాగున్నవా?" అంటే "బాగున్న" అనేది. వేరేవాళ్లు ఉంటే అదీ ఉండేది కాదు. ఒకసారి సంచెడు కొత్త జొన్నలు దించి వెళ్లిపోయాడు. ఆయనెవరో నానికి మాత్రం అమ్మ చెప్పలేదు.

తరువాత రాజ్యం మారే రోజులొచ్చాయి, గొడవలు రేగాయి. మా మాదిరివాళ్లు పల్లెలకు పోవడానికి భయపడ్డారు, పల్లెలవాళ్లు మా దుకాణాలకు రావడం తగ్గించారు. మామ రావడం ఆగిపోయింది. కబురు పంపుదామంటే, "ఆయనకు ఇంట్ల కష్టమయితది, వద్దు," అంది అమ్మ. ఏడాది గడిచింది. ఒకరోజు మానవపాడు వైపు నుంచి మిరపకాయలు తెచ్చిన బండివాడు మాటల మధ్యలో చెప్పాడు, ఫలానా ఆయన పోయి రెండు నెలలైందని. ఆయన మాకేమవుతాడో వాడికి తెలియదు.

అమ్మ లోపల వింది. బయటికి రాలేదు. పరామర్శించడానికి ఎవరూ రాలేదు. ఎవరికి తెలుసు గనక? దినాలు అయిపోయాయి. కాకపోయినా పోయేందుకు లేదు. కాసేపటికి నేను లోపలికి వెళితే నాని మంచం మీదనుంచి, "ఏమైందే, ఎందుకట్ల కూసున్నది?" అని అడిగింది. అప్పటికి నానికి చూపు మందగించింది.

"ఏం లేదమ్మా," అంది అమ్మ. "అప్పట్ల జొన్నలు తెచ్చిచ్చినాయన లేడూ, పోయిండంట."

"అయ్యో పాపం," అంది నాని. అమ్మ అవునని తలూపి, దుకాణంలో అబ్బాజాన్ పిలుస్తుంటే లేచి వెళ్లింది.