కారణం అడగని బటన్

2019 జనవరి, మిషిగన్‌లోని ట్రాయ్ దగ్గర. తుమ్మితే గడ్డకట్టిన మీసం విరిగిపడేంత చలి. మా కన్సల్టింగ్ కంపెనీ నన్ను పంపిన కార్మిక సంఘం ఆఫీసులో కాఫీ ఎంత పల్చనంటే, కప్పు అడుగున అచ్చేసిన అక్షరాలు చదువుకోవచ్చు.

అంతకు ముందు వేసవిలో వాళ్ళ సీనియారిటీ లిస్ట్ సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. కార్ల ఫ్యాక్టరీలో ముందు చేరినవాళ్ళ పేరు పైనుంటుంది. ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్, అంటే జీతమిచ్చి పని నేర్పే సీటు, పైవాళ్ళకే ముందు దక్కుతుంది. వరస చేత్తో మార్చుకోవడానికి కార్యదర్శి 'ఓవర్‌రైడ్' బటన్ అడిగాడు.

"కారణం రాసే పెట్టె కూడా పెట్టనా?" అన్నాను.

"ఎందుకు, టైమ్ వేస్ట్."

పెట్టలేదు.

జనవరిలో డెలోరిస్ వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఫ్యాక్టరీలో పనిచేస్తున్న నల్లజాతి మహిళ. సంఘంలో తనవాళ్ళని వెనక్కి నెడుతున్నారని మూడేళ్ళుగా సంతకాలు సేకరిస్తోంది. ఆ ఫైలు పెట్టగానే నా టేబుల్ ఓ పక్కకి ఒరిగింది.

"నాది రెండో నంబరు, శ్రీ. ఇప్పుడు పద్నాలుగు. పైకెక్కిన పన్నెండుమందీ తెల్లవాళ్ళే. ఒకడి సర్వీసుకి నా బూట్ల వయసు కూడా లేదు."

లాగ్ తెరిచాను. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసుకునే చిట్టా అది. పన్నెండు ఓవర్‌రైడ్‌లు, అన్నీ కార్యదర్శి లాగిన్ నుంచే.

"బుధవారం మీటింగ్‌లో లేచి ఇదే చెప్పు, చాలు. ఈ ఏడాదికి సీట్లు రెండే. వచ్చే ఏటిదాకా నా మోకాళ్ళు ఆగవు," అంది డెలోరిస్.

"తప్పకుండా చెప్తాను," అన్నాను.

ఇంట్లో మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "చెప్పండి. మన వీసా ఎక్స్‌టెన్షన్ మీ మేనేజర్ టేబుల్ మీదే ఉందిగా, దానికీ ఓ మాట చెప్పి వెళ్ళండి," అంది.

బుధవారం హాల్లో రెండొందల మంది. నా కంటికి రెండు లక్షలు.

"కంప్యూటర్ పండితుడు ఇక్కడే ఉన్నాడు," అన్నాడు అధ్యక్షుడు. "ఏమయ్యా, సాఫ్ట్‌వేర్‌లో తప్పేమన్నా ఉందా?"

లేచాను. "సాఫ్ట్‌వేర్ కరెక్ట్‌గానే పనిచేస్తోందండీ," అని కూర్చున్నాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. ఇంకా ఏదో చెప్తానని డెలోరిస్ నావైపే చూస్తూ ఉండిపోయింది.

బయట కారు అద్దం మీద మంచుని క్రెడిట్ కార్డుతో గీకుతుంటే, ఆమె తన స్క్రేపర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఉంచుకో. రోడ్డు జారుతోంది, మెల్లగా వెళ్ళు."

ఏడాదిన్నర తర్వాత లాయర్‌ని పెట్టి ఆ లాగ్‌ని ఆమే బయటికి తీయించింది. లిస్ట్ సరిచేశారు. అప్పటికి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయి రిటైరైపోయింది. సీటు లిస్టులో ఆమె వెనకున్న అమ్మాయికి వెళ్ళింది.

అప్పట్నుంచి నేను రాసే ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఓవర్‌రైడ్ పక్కన కారణం పెట్టె ఉంటుంది. కనీసం ఇరవై అక్షరాలు రాయందే బటన్ కదలదు. ఆ బుధవారం ఎందుకు కూర్చుండిపోయావని అదే పెట్టె నన్నడిగితే, నా దగ్గరున్నది ఒక్క మాట. వీసా. రెండక్షరాలు. నా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు.