ఏడుపు లేని గిరాకీ

మొన్న మా ఆఫీసులో ఒక చెక్కపెట్టె విప్పారు. మూత ఊడదీయగానే కొత్తగా కోత పెట్టిన అల్యూమినియం వాసన, దాని మీద పూసిన నూనె వాసన కలిసి ముక్కుకు తగిలాయి. లోపల ఉన్నది ఇంజను బ్లాకు. పాత రేసు కార్లలో ఇనుప బ్లాకు పగిలిపోతే దాని స్థానంలో బిగించుకోవడానికి ఎవరో కొత్తగా పోయించిన నమూనా. గోరంట్ల దగ్గర మా కంపెనీలో ఇట్లాంటివాటికి చివరి కోత, నునుపు పెట్టి ఇస్తాం. బెంగళూరు నుంచి వచ్చిన కుర్ర మేనేజరు దాన్ని నాలుగు పక్కలా ఫొటోలు తీసుకుని, "రత్నా మేడమ్, దీనికి మార్కెట్లో డిమాండ్ ఎంతుందో ఒక రిపోర్టు కావాలి. జస్ట్ ఒక నంబర్ చాలు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నంబరు కాదు బాబూ, పేర్లు తెచ్చిస్తాను. వచ్చి నిలబడి ఇది నాకు కావాలి అనే మనుషుల పేర్లు" అన్నాను. గొంతు పెద్దదైనట్టుంది, పక్క గదిలోవాళ్లు తొంగి చూశారు. పాపం, ఆ అబ్బాయి చేసిన తప్పేమీ లేదు. ఆ కోపం నాది కూడా కాదు. ఓబులేసన్న దగ్గర నాకు అంటుకున్నది.

కంబదూరులో కల్యాణదుర్గం రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఓబులేసన్నకు ఒక ఫౌండ్రీ ఉండేది. బోర్లలో దించే పంపులకు కావలసిన భాగాలను ఇనుముతోనూ, అల్యూమినియంతోనూ ఇసుక అచ్చుల్లో పోసేవాళ్లు. బీకాం అయ్యాక నేను అక్కడ ఆఫీసు పనికి చేరాను. ఆఫీసంటే ఒక బల్ల, ఒక ఫోను, తిరగాలనిపిస్తే తిరిగే ఒక ఫ్యాను. ఆయన దేవుడిలాంటి మనిషని రాస్తే పైనుంచి ఆయనే నన్ను బూతులు తిడతాడు. నోరు తెరిస్తే తిట్టే. టీ చల్లారిపోయిందని గ్లాసు గోడకేసి కొట్టి, ఎవరి కాలికి గుచ్చుకుంటాయోనని మళ్లీ తనే వంగి పెంకులు ఏరేవాడు. అట్లా ఏరుతూ కూడా తిట్టేవాడు. లెక్కలో తప్పు తనదని తేలితే లెక్కనే తిట్టేవాడు. అయినా పనివాళ్లు ఆయన్ని వదిలి పోలేదు, నేనూ పోలేదు.

మా పక్క అంగళ్లలో గిరాకీ అంటే మనిషి. పేపర్లలో రాసినట్టు సరుకుకు ఉండే డిమాండ్ కాదు. "ఒక గిరాకీ వచ్చినాడు, చూడు" అంటాం. చేరిన కొత్తలో, మంచి ఎండాకాలంలో, షెడ్డు ముందు రైతులు కాలిపోయిన పంపులు భుజాన వేసుకుని బారుగా నిలబడ్డారు. నాకు సంబరమైంది. "అన్నా, ఈ నెల గిరాకీ బాగుండాది" అన్నాను. ఆయన బల్ల మీద అరచేత్తో ఒక్కటేశాడు. "బాగుండాదా? ఏం బాగుండాది? లెయ్. ఆడికి పోయి ఒక్కొక్కన్ని అడుగు, యాలొచ్చినావప్పా అని. అడిగి వచ్చినాక చెప్పు, బాగుండాదో లేదో!"

వెళ్లి అడిగాను. ముందు నిలబడ్డ పెద్దాయన, "నీళ్లు ఇంగా కిందికి దిగిపోయినాయి తల్లీ. మోటరు వట్టి గాలి పీల్చి కాలిపోయింది. చీనీ చెట్లు నిలువునా ఎండిపోతాండాయి" అన్నాడు. ఆయన వెనకాల ఉన్న నా ఈడువాడు, "ఈ పంపు కూడా నీళ్లెత్తకపోతే బెంగళూరికి కూలికి పోయేదేనక్కా" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఇంక తక్కినవాళ్లను అడగలేక తిరిగి వచ్చాను. ఓబులేసన్న నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఇన్నావా? వానొస్తే నా షెడ్డు ఎండుతాది. వాన రాకుంటే నా షెడ్డు పచ్చగుంటాది. ఏడుస్తా వచ్చే గిరాకీ తప్ప నేను ఇంగో గిరాకీని చూల్లేదు రత్నా. థూ, ఇదొక బతుకా!" అన్నాడు. ఆ రోజంతా ఆయన ఎవరి మీదా అరవలేదు, దానికే మాకు భయమేసింది.

ఇట్లా ఉండగా మధుసూదన్ అనే ఆయన వచ్చాడు. బెంగళూరు మనిషి, మా వైపు ఒక తోట కొనుక్కుని సెలవులకు వస్తుండేవాడు. వ్యాను వెనకాల గోతాంలో చుట్టి ఒక పగిలిన ఇనుప బ్లాకు తెచ్చాడు. "ఇది నా పాత రేసు కారుది అన్నా. ఇప్పుడు ఇది ఎక్కడా దొరకదు. పెద్ద ఫౌండ్రీలు వేలల్లో ఆర్డరిస్తే తప్ప ముట్టుకోం అంటున్నాయి. మీరు అల్యూమినియంలో పోసివ్వగలరా? బరువు తగ్గితే కారు మలుపుల్లో చెప్పినట్టు వింటుంది" అన్నాడు. ఓబులేసన్న దాని చుట్టూ తిరిగి, లోపల వేలు పెట్టి చూసి, ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"ఇది లేకుంటే నీకేమైతాది సామీ?"

మధుసూదన్ గోతాం మడిచి పక్కన పెట్టాడు. "ఏమీ కాదన్నా. ఆదివారాలు సరదాగా తోలుకోవడానికి కారు ఉండదు, అంతే."

ఓబులేసన్న అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే చూశాను. "ఇన్నావా రత్నా? ఏమీ కాదంట! ఇది లేకుంటే ఏమీ కాదంట!" అని షెడ్డంతా వినిపించేలా అరిచాడు. అచ్చులు చేసే నారాయణప్పను పిలిచి అదే మాట మళ్లీ చెప్పాడు. నారాయణప్పకు అందులో నవ్వేదేముందో అర్థం కాలేదు. నాకు అర్థమైంది. జీవితంలో మొదటిసారి, ఏడవకుండా అడిగే మనిషి ఒకడు ఆయన షెడ్డు గడప తొక్కాడు.

ఆ బ్లాకు మమ్మల్ని పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. లోపల నీళ్లు తిరిగే సందుల కోసం ఇసుకతో వేరే అచ్చులు చేసి నిలబెట్టాలి, లోహం పోసేటప్పుడు అవి కదలకూడదు. కదిలేవి. పోసినదాన్ని నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొడితే ఎక్కడో ఒకచోట బుడగలు లేచేవి. తాగడానికే ట్యాంకరు వచ్చే ఊళ్లో తొట్టి నింపడానికి ఇంకో ట్యాంకరా అని నారాయణప్ప గొణిగేవాడు. ఓబులేసన్న బుడగను తిట్టేవాడు, ఇసుకను తిట్టేవాడు, పాడైనదాన్ని మళ్లీ కొలిమిలో వేసేవాడు. చివరికి ఒక బ్లాకును ముంచితే నీళ్లు నీళ్లలాగే ఉండిపోయాయి. ఒక్క బుడగ లేవలేదు. బ్లాకు ఒక పక్క మీద ఉబ్బెత్తు అక్షరాలతో, తెలుగులో, 'కంబదూరు' అని ఉంది. ఈసారి అచ్చులో అది తనే పెట్టినట్టు ఆయన మాకెవరికీ చెప్పలేదు.

మధుసూదన్ దాన్ని తీసుకుపోయి కారుకు బిగించుకున్నాడు. కొన్నాళ్లకు ఫోను చేశాడు. "అన్నా, మన బ్లాకు గురించి మా కార్లవాళ్ల గ్రూపులో పెట్టాను. చాలా మంచి గిరాకీ ఉంది. మీరు మొదలుపెట్టేయండి" అన్నాడు. ఆయన చెప్పిన గిరాకీ పేపర్లో గిరాకీ. ఓబులేసన్న విన్నది మా అంగడి గిరాకీ. మనుషులు వచ్చి నిలబడి ఉన్నారనుకున్నాడు. షెడ్డులో అందరినీ బ్లాకుల పనికి మళ్లించాడు. పంపులతో వచ్చినవాళ్లను, "కల్యాణదుర్గం పోండప్పా, ఆడ చేసిస్తారు" అని పంపించేశాడు. ఆ గ్రూపులోవాళ్లకు ఫోన్లు చేసే పని నాది. ఎంత తియ్యగా మాట్లాడారో! "సూపర్ మేడమ్, ఇట్లాంటిది ఎవరో ఒకరు చేయాల్సిందే." "డెఫినెట్‌గా తీసుకుంటాం." "మా లాంటి పిచ్చోళ్లకు మీరు దేవుళ్లు." నేను విన్నది విన్నట్టే ఆయనకు చెప్పాను, ఆయన ఒక్కొక్క మాటకూ తల ఊపాడు. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు వాళ్ల చెంపలు పగలగొట్టాలనిపిస్తుంది.

బెంగళూరు అవతల ఒక రేసు ట్రాకులో ఆదివారం అందరూ కార్లు తోలుతారు, వచ్చి చూడండి అని మధుసూదన్ పిలిచాడు. ఓబులేసన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేనూ, నారాయణప్పా వెంట వెళ్లాం. మన బ్లాకు ఉన్న కారు తక్కినవాటిని దాటుకుంటూ పోయింది. ఆగాక అందరూ చుట్టూ మూగి బానెట్టు ఎత్తించారు. "ఎక్కడ చేయించావ్ మధూ?" అని ఎవరో అడిగారు. "బయటిదేశం నుంచి తెప్పించాను" అన్నాడు మధుసూదన్, మేము పక్కనే నిలబడి ఉండగా.

ఓబులేసన్న గుంపును తోసుకుని ముందుకు పోయి ఇంజను మీదికి వంగాడు. 'కంబదూరు' ఉండాల్సిన చోట తళతళలాడే నున్నటి మచ్చ ఉంది.

"అక్షరాలేవి సామీ?"

"గ్రైండింగ్ పట్టించానన్నా, ఏమనుకోవద్దు. అనంతపురం పక్క చేసిందంటే ఎవరూ కొనరు. అక్కడ వేరుశెనక్కాయలు తప్ప ఏముంటాయి అంటారు. మీ మంచికే చేశాను."

మీ మంచికే! ఈ మాట అన్నవాళ్లను నేను ఈ జన్మలో క్షమించను. ఓబులేసన్న గుంపు వైపు తిరిగి, కొలిమి దగ్గర అరిచే గొంతుతో, "ఇది మా కంబదూరులో పోసింది. నేనే పోసినా. ఇంతసేపు బాగుండాది బాగుండాది అంటిరే, ఎవురికి కావల్లో చెయ్యెత్తండి!" అన్నాడు. ఫోన్లో నాతో తియ్యగా మాట్లాడిన గొంతులన్నీ అక్కడే ఉన్నాయి. ఒకాయన సర్టిఫికెట్ ఉందా అన్నాడు. ఒకాయన ఆలోచించి చెబుతాం అన్నాడు. ఒకాయన మాకు వినపడదనుకుని నవ్వాడు. ఒక్క చెయ్యి లేవలేదు. కారు బాగా పోయిందని వాళ్లే చప్పట్లు కొట్టారు, అది కదా నా కడుపుమంట. నచ్చకపోతే సరే అనుకుందును. నచ్చింది. నచ్చి, ఎక్కడిదో తెలిసి, వద్దన్నారు.

వ్యానులో తిరిగి వచ్చేటప్పుడు నేను ఆయన మీద కూడా అరిచాను. "ఆ పేరు తీసేసి అమ్ముకుంటే మన సొమ్మేం పోతాదన్నా? వాళ్లు మన ఊరిని తిడితే తిట్టనీ, షెడ్డు నిలబడతాది కదా" అన్నాను. "నేను కోరింది సరదాగా కొనేవాడినమ్మా," అన్నాడు, "సిగ్గుపడతా కొనేవాడిని కాదు." నాకు ఆ జవాబు ఆ రోజు నచ్చలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. పొగరు అనుకున్నాను, కొంత పొగరే.

మళ్లీ పంపుల పనికి దిగుదామంటే ఆ ఏడు వాన పట్టుకుంది. మా పక్క పుట్టినవాళ్లకు తెలుసు, అట్లాంటి వాన చెప్పుకోవడానికి తప్ప చూడటానికి దొరకదు. వాగులూ వంకలూ అన్నీ పారాయి. వట్టిపోయాయని రాళ్లేసి మూసిన బోర్లలో కూడా నీళ్లు పైకి లేచాయి. షెడ్డు ముందుకు ఎవరూ రాలేదు. వారాలు గడిచినా రాలేదు. ఒక పొద్దున నేను తడుచుకుంటూ వచ్చేసరికి ఓబులేసన్న గడప దగ్గర బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. జల్లు మీద పడుతున్నా లోపలికి జరగలేదు.

"రత్నా, చూస్తివా? ఒక్క గిరాకీ లేడు! ఒక్కడంటే ఒక్కడు లేడు!" అన్నాడు. నవ్వుతున్నాడు.

"ఇంగ ఏం చేద్దామన్నా?"

"ఏం చేసేది? మూసేద్దాం."

నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. "నీకు నవ్వెట్ల వస్తాండాదన్నా?" అని అరిచాను.

"వాళ్లంతా యాడుండారు ఇప్పుడు? చేన్లల్లో ఉండారు. వాళ్లకు నాతో పనిలే. దీనికి నవ్వకుంటే ఇంగ దేనికి నవ్వల్ల?"

షెడ్డు మూసేశాడు. కొలిమిని విప్పి అమ్మేశారు. నారాయణప్ప ఎక్కడో వాచ్‌మన్ పనికి చేరాడు, నేను గోరంట్లకు వచ్చాను. ఓబులేసన్న గుంతకల్లులో కూతురి ఇంట్లో ఉంటూ, పోయినేడు చనిపోయాడు. చూడటానికి వచ్చినవాళ్లు, పాపం, వ్యాపారం దెబ్బతిని మనసు విరిగిపోయాడు అన్నారు. విరిగిందని ఎవరు చెప్పారు వాళ్లకు? విరిగింది నాది. ఆ వాన నేనూ కోరుకున్నదే, ఇప్పటికీ ప్రతి ఏడూ కోరుకుంటాను. కానీ ఊరు చల్లగా ఉన్న ఒక్క ఏడాది ఆ షెడ్డు కూడా బతకడానికి ఆయనకు కావలసింది ఎంత? ఆదివారం సరదాకు కొనే మనుషులు కొందరు. వాళ్లు ఉన్నారు, వాళ్లకు ఆ బ్లాకు కావాలి, నేను నా కళ్లతో చూశాను. అందుకే నా కోపం చల్లారదు, చల్లారాలని నాకూ లేదు.