నెత్తి మీది తువ్వాల

ఆ రాళ్ల దీవిలో ఏమేం చేయాలో నందికొండలో లాంచీ ఎక్కకముందే అనుకున్నాను. గుట్ట ఎక్కాలి, పుట్టిలో నీళ్ల మీద తిరగాలి, చేపలు పట్టాలి. లాంచీలో పక్కన కూర్చున్న పెద్దామె కూడా భర్తతో, దీవిలో నేను దిగబోయే కాటేజీకే వస్తోంది. "అక్కడ మీరేం చేస్తారమ్మా?" అని అడిగాను.

"గా కాటేజీ కట్టేటప్పుడు కింది నుంచి రాళ్లు మోసిన బిడ్డా. పైన ఒక్కపారన్న కూసోనియ్యలే మేస్త్రి. ఇయ్యాల కూసుంట," అంది.

దీవిలో దిగగానే ఆమె అలవాటుకొద్దీ తువ్వాలను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, సంచి ఎత్తబోయింది.

భర్త నవ్వాడు. "ఇంకా కూలికే వచ్చిననుకుంటున్నవా?"

ఆమె ఆగింది. తువ్వాల విప్పి, దులిపి, భుజాన వేసుకుంది.

"అయితే సంచి నువ్వు తే," అని ఖాళీ చేతులతో మెట్లెక్కింది.

కాటేజీ ముందున్న పెద్ద బండ మీద ఆ తువ్వాలే పరిచి, కాళ్లు చాపుకుని కూర్చుంది. కింద కృష్ణ మెరుస్తోంది. భర్త ఆయాసపడుతూ వచ్చి సంచి దించాడు.

"చాయ్ చెప్పు," అంది ఆమె, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా. "గీ బిడ్డకు గూడ."

ఆ రోజు నేను గుట్ట ఎక్కలేదు. ఆమె జరిగి ఇచ్చిన జాగాలో పొద్దుగూకేదాకా కూర్చున్నాను.