పాలకుల కోసం ప్రార్థన

మా పెదనాన్న దర్జీ. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం చర్చిలో దేశాన్ని ఏలేవాళ్ల కోసం ప్రార్థన చేసే పని ఆయనదే. ఎవరు గెలిచినా పేరు పెట్టి మరీ ప్రార్థించేవాడు. "నువ్వు ఓటేయనివాళ్లకి కూడా దేవుడి దగ్గర సిఫారసా?" అని నేను ఎగతాళి చేస్తే, "దేవుడు నా ఓటు చూసి వినడు లేరా" అని నవ్వేవాడు.

పోయిన వారం కొత్త మంత్రి ఉత్తర్వుతో మా చర్చికి సీలు వేశారు. అనుమతి లేదట. పాత కాగితాలన్నీ పట్టుకెళ్తే కనీసం విప్పి చూసిన నాథుడు లేడు. అందుకే ఈ ఆదివారం అందరం పెదనాన్న కొట్లో, కుట్టుమిషన్ల మధ్య, గుడ్డల మూటల మీద సర్దుకుని కూర్చున్నాం.

ఆయన లేవబోతుంటే పెద్దమ్మ చొక్కా పట్టుకుని లాగింది. "ఈ ఒక్కసారికి ఆ మంత్రి పేరు ఎత్తకయ్యా. నీకు దణ్ణం పెడతాను."

"నచ్చినవాళ్ల కోసమే చేస్తే అది ప్రార్థన ఎలా అవుతుందే?" అంటూ ఆయన లేచి నిలబడ్డాడు. కొలత టేపు ఇంకా మెడలోనే ఉంది.

"ప్రభువా, మా మంత్రిగారిని..." అని ఆగిపోయాడు. "దీవించమని అడగాలి. నోరు రావడం లేదు. ఆయన్ని క్షమించేశానని నీతో అబద్ధమాడలేను. ప్రేమించమన్నావు. నాకు చేతకావడం లేదు తండ్రీ."

ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పెదనాన్న కళ్లు మూసుకుని, మిగతా ప్రార్థన కోసం వెతుక్కుంటూ అలాగే నిలబడిపోయాడు.