సిమెంటు పుస్తకానికి దండం

అప్పట్లో మేం మేడ్చల్ దగ్గర కండ్లకోయలో ఉండేవాళ్లం. మా ఆయన అక్కడ ఒక ఇంజినీరింగ్ కాలేజీలో బస్సు డ్రైవర్. కాలేజీని యూనివర్సిటీ చేయవచ్చో లేదో చూడటానికి ఆ రోజు పెద్దసార్లు వస్తున్నారు. నేను బడి గడప తొక్కలేదు, మా నాయినే ఇంట్లో చదువు చెప్పాడు. యూనివర్సిటీ అంటే ఎలా ఉంటుందోనని, మా ఆయనకు టిఫిన్ డబ్బా ఇచ్చే వంకతో వెళ్లి లైబ్రరీలో అడుగుపెట్టాను. గుమ్మం బయటే చెప్పులు విడిచి, ఒక లావుపాటి పుస్తకం తీసి కళ్లకద్దుకున్నాను.

అంతలో పెద్దసార్లు, వెంట ప్రిన్సిపాల్ గారు వచ్చేశారు.

“ఆ చెప్పులెవరివి?” ప్రిన్సిపాల్ గారు గద్దించారు.

మా ఆయన నౌకరి పోయిందనుకున్నాను. “నాయే సార్. గిన్ని బుక్కులు ఎన్నడు జూడలే, గందుకే వచ్చిన.”

వారిలో తెల్లజుట్టు పెద్దాయన నా చేతిలోకి చూసి నవ్వారు. “అది సిమెంటు గురించమ్మా!”

“సిమెంటైనా సరస్వతే గద సార్.”

ఆయన గుమ్మం దగ్గరికి వెళ్లి బూట్లు విప్పి వచ్చారు. అందరూ విప్పక తప్పలేదు. ప్రిన్సిపాల్ గారి చిరిగిన సాక్సులోంచి బొటనవేలు బయటికొచ్చింది.

“ప్రిన్సిపాల్ సార్‌తోని బూట్లిప్పిచ్చినవ్, ఇగ నా నౌకరి ఉన్నట్టే!” అని మా ఆయన సాయంత్రమంతా పరేషాన్.

నౌకరి పోలేదు. కొన్నాళ్లకు గేటు మీద యూనివర్సిటీ బోర్డు, లైబ్రరీ గుమ్మం పక్కన చెప్పుల స్టాండు వచ్చాయి. ఆ స్టాండు చూసినప్పుడల్లా, పుస్తకం తెరిచే ముందు కళ్లకద్దుకోమన్న మా నాయినకు మనసులోనే దండం పెట్టుకునేదాన్ని.