లైన్ ఇచ్చేముందు మోగే గంట

మా ఆయన కోటేశ్వరరావు కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. పోయిన ఏడాది చలికాలంలో గుండెపోటుతో పోయారు. మాకు పిల్లల్లేరు. పెళ్లికి ముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయన సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో నాలుగేళ్లు పనిచేశారు. ఆ ఊరి మిరప కల్లాల గురించి ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి తనివి తీరేది కాదు. "ఫిబ్రవరిలో తీసుకెళ్తా చూడు, నేల కనపడదు, ఎక్కడ చూసినా ఎరుపే" అనేవారు. ఒక ఫిబ్రవరిలో ట్రాన్స్‌ఫర్, ఒక ఫిబ్రవరిలో అత్తగారి ఆపరేషన్, మిగతా ఫిబ్రవరులన్నీ బద్ధకం. చివరికి ఈ ఫిబ్రవరిలో నేనే బయలుదేరాను. కల్లాలు చూసొస్తానని అందరికీ చెప్పాను కానీ అసలు కారణం అది కాదు. విశాఖలో మా వీధిలో ఆయన మాట ఎత్తేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఆయన్ని గుర్తుపెట్టుకున్న మనిషి నేను కాక ఇంకొకరు ఎక్కడైనా ఉన్నారా అన్నది నాకు తేలాలి. ఉంటే కాస్త తోడు. లేకపోతే లేరని తెలుస్తుంది.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. లైన్ అనే చిన్న మాటకి డిక్షనరీలో బోలెడన్ని అర్థాలున్నాయని పిల్లలకి చెప్పి, వాళ్ల చేత రాయించి, విసిగించిన దాన్ని. గుంటూరు వాళ్లు వాటికి తమ వంతు కూడా కలిపారని ఈ ప్రయాణంలో తెలిసింది. లాడ్జికి ముందుగా ఫోన్ చేస్తే ఒకమ్మాయి "లైన్లో ఉండండి మేడమ్" అని చెప్పి నన్ను పూర్తిగా మరిచిపోయింది. గుంటూరు స్టేషన్ బయట ఆటో ఎక్కి బ్రాడీపేట అనగానే డ్రైవర్ "ఎన్నో లైనండి?" అన్నాడు. ఇక్కడ వీధుల్ని లైన్లంటారు. నాలుగో లైను అన్నాను. "అడ్డరోడ్డు ఎంతండి?" తెలియదన్నాను. "లైనొక్కటే చెప్తే ఎట్టాగండి? ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పుతా, మీరే చూసి చెప్పండి" అన్నాడు. అన్నట్టుగానే తిప్పాడు. మీరు వెళ్లేటట్టయితే అడ్డరోడ్డు నంబరు కూడా అడిగి రాసుకోండి. తొమ్మిది వందలకి శుభ్రమైన గది దొరికింది. కౌంటర్లో అతను "ఒక్కరేనా అండి?" అని రెండుసార్లు అడిగాడు. రెండోసారి అవునని చెప్పడానికి నాకు కష్టమైంది.

సాయంత్రం గదిలో కరెంటు పోయి, పది నిమిషాలకి ఉన్నట్టుండి వచ్చింది. ఫ్యాను గిర్రున తిరిగేసరికి ఉలిక్కిపడ్డాను. మా ఇంట్లో కరెంటు ఎప్పుడూ ఇలా చెప్పాపెట్టకుండా రాలేదు. ఫ్యూజు వేసినా, మెయిన్ ఆన్ చేసినా, ముందు స్టీలు కంచం మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టి, కాస్త ఆగి ఇంకొకటి కొట్టేవారు ఆయన. ఆ తర్వాత "లైన్ ఇస్తున్నా" అని కేక. "ఇంట్లో ఉన్నది మనిద్దరం. ఈ చాటింపు ఎవరికండీ?" అని ఎగతాళి చేసేదాన్ని. "నీకే. మిక్సీలో చెయ్యి పెట్టి ఉన్నావేమో నాకేం తెలుసు?" అనేవారు. ఇప్పుడు కంచం, గరిటె రెండూ వంటింట్లో అలాగే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే సత్తెనపల్లి వైపు పోయే ప్యాసింజర్ ఎక్కాను. బస్సులు చాలా ఉన్నాయి, గంటా గంటంపావులో దింపుతాయి. తొందరుంటే బస్సే మేలు. రైలు టిక్కెట్టు మాత్రం టీ, బజ్జీల ఖర్చంత కూడా ఉండదు. నల్లపాడులో బండి ఆగింది, ఆగి అలాగే ఉండిపోయింది. ఎదురు సీట్లో స్కూలు టీచరమ్మ ఒకావిడ టిఫిన్ డబ్బా విప్పి, "సింగిల్ లైను కదండీ, ఎదురు బండి పోతేగాని మనకి లైన్ క్లియర్ ఇవ్వరు" అంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "పిల్లలెక్కడున్నారండి?" అంది. లేరన్నాను. "ఆయనగారు?" చెప్పాను. ఆవిడ డబ్బా మూతలో రెండు ఇడ్లీలు పెట్టి ఇచ్చింది. లైన్ క్లియర్ మా ఇంట్లోనూ వినిపించే మాటే. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ వాళ్లు ఆ తీగలో కరెంటు తీసేసి ఇచ్చే హామీ అది. దిగాక తిరిగి అప్పజెప్పాలి. ఆ మాట రైల్వే వాళ్ల నోట వేరే పనికి వినిపిస్తుంటే, పక్కకి తిరిగి "విన్నారా?" అనబోయాను. పక్కన కిటికీయే ఉంది.

సత్తెనపల్లిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ, ఆగినందుకూ కలిపి ఆరు వందలు. ఊళ్లోకి వెళ్లిరావడానికి అరపూట చాలు. డ్రైవర్ యేసుబాబు మాటకారి. దారికి రెండువైపులా ఆఖరి తీత పత్తి చేలు, మధ్యలో మిరప. సబ్‌స్టేషన్ దగ్గర ఆపించి, లోపలున్న కుర్రాడికి మా ఆయన పేరు, పనిచేసిన రోజులు చెప్పాను. మర్యాదగా కుర్చీ వేశాడు. "అప్పటికి నేను పుట్టలేదండి. మా ఏఈ గారూ పుట్టలేదేమో" అన్నాడు. ఊళ్లో రేషన్ షాపు అరుగు మీద కూర్చున్న పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "లైనుమేన్లు బోల్డుమంది వచ్చారు, బోల్డుమంది పోయారమ్మా" అన్నాడు. మా ఆయన అద్దెకున్న పెంకుటింటి చోట సెల్ టవర్ ఉంది. కూల్‌డ్రింక్ తాగుదామంటే చల్లగా లేదు, పొద్దుటి నుంచి లైన్ తీసేశారు, రిపేరు జరుగుతోంది అని షాపతను చెప్పాడు. ఇంత దూరం వచ్చి వెచ్చటి సోడా తాగాను. నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. నాలుగేళ్లున్న ఊళ్లో ఒక్క మనిషికైనా గుర్తుండేలా ఉండకూడదా?

తిరిగి వెళ్లిపోదామని ఆటో ఎక్కాక, కల్లాల్ని కనీసం ఫోటో అయినా తీసుకోవాలనిపించింది. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే నేల కనపడలేదు. టార్పాలిన్ పట్టాల మీద ఎండుతున్న మిరప ఘాటుకి ఆపకుండా తుమ్ములు. పక్క చేలో ఆడవాళ్లు కోత కోస్తున్నారు. అందరి తలలకీ తువ్వాళ్లు, పైన మగవాళ్ల చొక్కాలు. అందరికంటే పెద్దావిడ, పేరు మార్తమ్మ, నన్ను చూసి గట్టిగా అంది. "ఏందమ్మా అట్టా నిలబడ్డావు? ఎండ కొట్టుద్ది. వచ్చి ఒక లైను పట్టు!" వాళ్లు మొక్కల వరసని లైనంటారు. సరదాకి పట్టాను. గుప్పెడు కాయలు కోసేసరికి నడుము పట్టేసింది. నా అటూ ఇటూ వాళ్లు మాట్లాడుకుంటూనే ఎక్కడికో వెళ్లిపోయారు. చేను మధ్యలో, మోకాళ్లెత్తు మొక్కల నడుమ, నేనొక్కదాన్నే మిగిలాను. ఇంట్లో ఉన్నట్టే ఉంది.

కాసేపటికి నా లైను అవతలి కొస నుంచి మార్తమ్మ కోసుకుంటూ నాకెదురు రావడం చూశాను. మీ లైను అయిపోయిందా అంటే, "ఎప్పుడో అయింది. మా ముఠాలో అంతేనమ్మా. ముందైపోయినోళ్లు వెనకబడ్డోళ్లకి ఎదురు రావాల. అందరం కలిసే గట్టెక్కాల" అంది. ఇంకో నాలుగు మొక్కలైతే ఇద్దరం కలుస్తాం. అప్పుడు ఊళ్లో చర్చి గంట మోగింది. రెండు దెబ్బలు. ఆగింది. ఇంకొకటి.

నా చేతిలో కాయలు కిందపడ్డాయి. ఇవాళ బుధవారం కదా, గంటెందుకు కొట్టారు అని అడిగాను.

"అది ప్రార్థన గంట కాదు, లైను గంట. కరెంటు ఇయ్యబోతన్నారు. మోటార్ల కాడ ఎవరన్నా తీగలు పట్టుకోనుంటే వదిలెయ్యమని."

"ఇప్పుడు ఫోన్లున్నాయిగా?"

"ఫోను గట్టున పెట్టి గదా మోటారు ఇప్పేది! ఎప్పుడో ఓ లైనుమేను పెట్టిపోయాడులే ఈ పద్ధతి. అంతకుముందు కరెంటు కొట్టి మా చిన్నాయన చెయ్యి కాలింది. ఆ లైనుమేను వచ్చినాక, ముందు గంట కొడితేగాని లైను ఇయ్యనని కూర్చున్నాడు. తర్వాత ఎవరొచ్చినా అదే జరుగుతంది."

"ఆయన పేరు?"

"పేరెవరికి గుర్తుందమ్మా! పొడుగ్గా ఉండేవాడనుకుంటా."

మా ఆయన పొట్టి. ఆవిడకి ఆయన ముఖం గుర్తులేదు, పేరు తెలియదు, ఎత్తు కూడా తప్పు చెప్పింది. అయినా ఆ రెండు దెబ్బల తర్వాతి విరామం నాకు తెలుసు. అది మా వంటింట్లోది. మట్టిలో కూలబడి ఏడ్చాను. నెపం మిరపకాయల మీదకి నెట్టడానికి వీలుంది కానీ నెట్టలేదు. మార్తమ్మ కంగారుపడి, "కంట్లో చెయ్యి పెట్టుకోమాక!" అని తన కొంగుతో ముఖం తుడిచింది. అప్పుడు చెప్పాను. ఆవిడ నా పక్కనే కూర్చుని, "పేరేందమ్మా?" అంది. కోటేశ్వరరావు అన్నాను. ఆవిడ లేచి నిలబడి, చేను అవతలి గట్టుదాకా వినపడేట్టు అరిచింది. "ఏమేవ్! లైను గంట పెట్టింది ఈమె మొగుడంట! కోటేస్రావంట!" అక్కడ ఎవరో "ఎవరూ?" అన్నారు. ఆవిడ మళ్లీ అరిచింది. ఏడాది తర్వాత ఆయన పేరు అంత గట్టిగా విన్నాను. ఆ తర్వాత మిగిలిన నాలుగు మొక్కలూ ఇద్దరం కోశాం.

మధ్యాహ్నం బస్సులో గుంటూరుకి తిరిగొచ్చాను. పక్క సీటు ఖాళీ. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా వేళ్ల మంట మర్నాటిదాకా తగ్గలేదు. ఈ ప్రయాణంతో నా ఒంటరితనం తీరిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇంటికొచ్చి తాళం తీస్తే ఇల్లు ఎప్పటిలాగే ఉంది. ఆయన గురించి మాట్లాడుకోవడానికి మనిషి కావాలని వెళ్లాను, మనిషి దొరకలేదు. ఆయన్ని గుర్తుపెట్టుకోకుండానే ఆయన మాట వింటున్న ఊరు దొరికింది. అది చాలా అని అడిగితే చాలదనే అంటాను. కానీ మొన్న ఫ్యూజు పోయినప్పుడు కంచం, గరిటె తీసి నేనే కొట్టాను. కేక కూడా వేశాను. ఇంట్లో వినేవాళ్లెవరూ లేరు.

వెళ్లేవాళ్లకి ఒక సలహా. ఆ వైపు పొలాల్లో తిరుగుతున్నప్పుడు, ఆదివారం కాని రోజు చర్చి గంట రెండుసార్లు మోగి, ఆగి, మరోసారి మోగితే, ఏ తీగ మీద, ఏ మోటారు మీద మీ చెయ్యున్నా వెంటనే తీసేయండి. మా ఆయన లైన్ ఇస్తున్నారు.