కారులో జపాను జపం

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. ఇంటి ముందు అడుగు మంచు పడితే పొగగొట్టం దాకా పడిందని చెబుతాను. చెప్పాక నాకే చలి వేస్తుంది. కాబట్టి ఇందులో ఏది ఎంత తగ్గించుకోవాలో మీరే తగ్గించుకోండి. ఒక్కటి మాత్రం చివర్లో నేనే ఒప్పుకుంటాను.

అమెరికాలో, నోవై అనే ఊళ్ళో మా ఆఫీసు. కార్ల విడిభాగాలది. సగంమంది జపాన్‌వాళ్ళు. నా పక్క సీటాయన ఒకరోజు లంచ్‌లో, మా దేశపు సంగీతం మీకు తెలుసా అని అడిగాడు. తెలియదంటే ఏం పోయేది? "చిన్నప్పటినుంచీ వింటున్నాను" అన్నాను. నిజానికి చిన్నప్పుడు నేను విన్న జపాన్ సంగీతమల్లా మా టేప్‌రికార్డర్ క్యాసెట్‌ని నమిలేటప్పుడు వచ్చిన చప్పుడే. పాపం, ఆయన కళ్ళు చెమర్చాయి. స్వదేశం వెళ్ళిపోయేటప్పుడు నడుం వంచి, రెండు చేతులతో నాకో సీడీ అందించాడు. ప్రయోగాత్మక సైకడెలిక్ రాక్ అట. నల్లటి అట్ట మీద ఒక్కటే నారింజరంగు చుక్క. "ఇందులో రిఫ్రిజిరేటర్ శబ్దం కూడా వాడారు" అన్నాడు గర్వంగా.

కార్లో పెట్టాను. మొదటి పాటంతా ఒకే గిటారు స్వరం, దాని కింద నలుగురు మగవాళ్ళు "ఓ..." అనడం. మా ఇంటి దగ్గర మొదలైన ఆ "ఓ" ఇండియన్ స్టోర్ పార్కింగ్‌కి చేరేదాకా ఊపిరి తీసుకునేది కాదు. తీసేద్దామని బటన్ నొక్కితే సీడీ బయటికి రాలేదు. వెన్న రాసే చాకుతో పెకలించబోయాను. నా ఇంజనీరింగ్ డిగ్రీ పుణ్యాన ప్లేయర్‌కి కొత్త జబ్బు పట్టుకుంది. బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్ళీ మొదటి పాటే.

ఆ చలికాలంలోనే మా మావగారు మా దగ్గర కొన్నాళ్ళుండడానికి వచ్చారు. రిటైర్డ్ స్టేషన్ మాస్టరు. రైళ్ళ హోరుకి చెవులు సగం అరిగిపోయాయి. పెళ్ళయిననాటినుంచీ ఆయన నాతో నేరుగా మాట్లాడి ఎరగరు. కోపమేం కాదు, లెక్కలోకి తీసుకోలేదు, అంతే. నా పక్కనే కూర్చుని, వెనకసీట్లో ఉన్న మా ఆవిడతో "అమ్మాయీ, మీ ఆయన్ని మెల్లగా నడపమను" అనేవారు.

"ఏవండీ, నాన్న మెల్లగా నడపమంటున్నారు."

"సరేనని చెప్పు."

"సరేనంటున్నారు నాన్నా."

ఐక్యరాజ్యసమితిలో కూడా ఇంత పద్ధతిగా అనువాదం జరగదు.

మొదటిసారి ఆ "ఓ" విన్నప్పుడు ఆయన గాల్లోకి చూస్తూ "ఏమిటిది?" అన్నారు. హీటరు హోరెత్తుతోంది.

"జపాన్ అండీ" అన్నాను.

"జపమా!"

ఆయన మొహం వెలిగిపోయింది. వంగి బూట్లు విప్పేశారు. సీటు బెల్టుతోనే సీట్లో మఠం వేసుకుని కళ్ళు మూసుకున్నారు. స్టోర్ రాగానే కళ్ళు తెరిచి, నావైపు తిరిగి, అవును, నావైపే, "చాలా బాగుంది నాయనా" అన్నారు.

వెనకనుంచి మా ఆవిడ అలవాటుకొద్దీ "ఏవండీ, నాన్న బాగుందం..." అని మధ్యలో ఆగిపోయింది.

ఇంక నిజమెలా చెబుతాను? ఆ పూటనుంచి "నాయనా, పాలు అయిపోయాయి", "నాయనా, ఈ మంచు ఎప్పటికి కరుగుతుంది?" అన్నీ నాకే. మా అల్లుడు కార్లో కూడా జపం వదలడని ఇండియాకి ఫోన్ చేసి అరిచేవారు. ఆ అరుపుకి ఫోన్ అనవసరం. మా ఆవిడ వంటింట్లో నన్ను హెచ్చరించింది. "తెలిసిననాడు మళ్ళీ ఈ కబుర్ల మోత నాకే. ఇన్నాళ్ళకి కాస్త రెస్ట్ దొరికింది, పాడు చెయ్యకండి."

ఒక ఆదివారం మావగారు, మా అల్లుడి జపం వినాలి రండి అని పక్కింటివాళ్ళ నాన్నగారిని గుడికి మాతో తీసుకొచ్చారు. వరంగల్ ఆయన, రిటైర్డ్ తాసిల్దారు. వెనకసీట్లో మా ఆవిడ పక్కన చేతులు జోడించుకుని కూర్చున్నారు. ఆ రోజు మంచుకి రోడ్డు మీద కార్లు పెళ్ళి ఊరేగింపులా పాకుతున్నాయి. మొదటి పాట అయిపోయింది.

రెండో పాట ఉందన్న సంగతి ఆ క్షణందాకా నాకే తెలియదు. డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. గిటారు రంపంలా కోసింది. ఎవడో ప్రాణం పోతున్నట్టు కేక పెట్టాడు. కంగారులో వాల్యూమ్ తగ్గించబోయి పెంచాను. పక్క లేన్‌లో ట్రక్కు డ్రైవరు తన బండే పేలిందనుకుని దిగి చూసుకున్నాడు.

"గిదేం జపమండి?" అన్నారు తాసిల్దారుగారు. "ఎవన్నో గొంతు పిసుకుతున్నట్టే ఉన్నది!"

మావగారు కళ్ళు తెరిచారు. "ఏమిటి నాయనా ఇది?"

రుద్రతాండవమండీ అనబోయాను. వెనకసీట్లోవాళ్ళ ముందు మొహం చెల్లక మానేశాను. "జపం కాదండీ. జపాన్. దేశం. వాళ్ళ రాక్ పాటలు. మొదట్నుంచీ అవే."

ఆయన కాళ్ళు కిందికి దించారు. బూట్లు తొడుక్కున్నారు. లేసులు కట్టుకున్నారు. ఒక్కో ముడికీ ఒక్కో ట్రాఫిక్ లైటు గడిచింది.

"అమ్మాయీ, మీ ఆయన్ని రోడ్డు చూసి నడపమను."

మా ఆవిడ నిట్టూర్చింది. "ఏవండీ, నాన్న రోడ్డు..."

"విన్నానులే."

తిరుగుప్రయాణంలో తాసిల్దారుగారు, గుడికి విడిగా వచ్చిన కొడుకు కార్లో ఎక్కేశారు. నేను ముందుగానే సౌండ్ కట్టేశాను. మావగారు సీట్లో అటు కదిలారు, ఇటు కదిలారు. కిటికీలోంచి చూశారు. ప్లేయర్ వైపు చూశారు. చివరికి ఉండబట్టలేకపోయారు.

"ఏం నాయనా, కట్టేశావేం?"

"జపం కాదు కదండీ."

"కాకపోతే? ఈ దేశం వచ్చాక నాకు నిద్రంటూ పట్టింది ఈ కార్లోనే. జపమని కళ్ళు మూసుకునేవాణ్ణి, అంతే, మళ్ళీ స్టోర్ దగ్గరే తెలివి వచ్చేది. పెట్టు. ఆ రెండోది తగులుకునేలోపు ఇంటికి చేర్చు."

అని, వంగి బూట్లు విప్పుకున్నారు. వెనకనుంచి మా ఆవిడ ఏమీ అందించలేదు. అందించడానికేం మిగల్లేదు.

ఇక ఒప్పుకుంటానన్న సంగతి. మంచూ, కేకా, ట్రక్కు డ్రైవరూ మీరు తగ్గించుకోగలిగినవే. కానీ ఆయన నన్ను "నాయనా" అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట ప్రతిచోటా నేనే అతికించుకున్నాను. ఆయన అన్నది "ఏమయ్యా" అని.